ఉగాదికి వెళ్ళండి, శ్రీరామనవమికి వద్దు: కాకినాడ తీరంలో గ్రూపుగా పక్షులు చూడాలంటే

మీరడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా తెలియాలి కదా. హైదరాబాద్ నుంచి 14 మంది, అందులో ఇద్దరు స్కూలు పిల్లలు, అరవై దాటినవాళ్ళు ముగ్గురు, మార్చి ఆఖర్లోనో ఏప్రిల్ మొదట్లోనో ఒక శని ఆదివారం కాకినాడ వచ్చి సముద్రతీరం పక్షులు చూడాలనుకుంటున్నారు. మీ ప్రశ్నలు మూడు. ఎండలు ముదిరాయి కదా ఇంకా వలస పక్షులు ఉంటాయా, ఎక్కడికి వెళ్ళాలి, ఏ లెన్స్ తెచ్చుకోవాలి. లెన్స్ సంగతి ఆఖర్న చెప్తాను, దానికి తొందరేం లేదు. మీరు అడగని ప్రశ్న ఒకటుంది, మిగతా అన్నిటికంటే అదే ముఖ్యం, ఆ రోజు పోటు, అంటే సముద్రం నీరు ఒడ్డు మీదకి ఎక్కడం, ఎన్నింటికి? నేను ఈ తీరంలో ఇరవై ఏళ్ళకి పైగా గ్రూపుల్ని తీసుకెళ్తున్నాను, బాగా జరిగిన ట్రిప్పులకీ పాడైన ట్రిప్పులకీ తేడా ఏంటని వెనక్కి చూసుకుంటే దాదాపు ప్రతిసారీ ఆ ఒక్క విషయం దగ్గరే తేలింది.

ముందు మొదటి ప్రశ్న. ఉంటాయండి, ఎందుకుండవు. వలస పక్షులంటే సంక్రాంతి టైమే అని మనకో అలవాటు పడిపోయింది, జనవరిలో సెలవులు, చల్లగా ఉంటుంది, నీటిపక్షుల లెక్కింపు కూడా జనవరిలోనే చేస్తారు, అందుకని ఫిబ్రవరి దాటితే అంతా అయిపోయిందనుకుంటాం. నిజానికి చలికాలంలో బురదనేల మీద కనపడేవన్నీ ఒకే బూడిద రంగులో ఉంటాయి, కొత్తగా చూసేవాళ్ళకి ఏది ఏదో తెలీదు, మా వైపు అయితే బురదలో తిరిగే చిన్న పిట్టలన్నిటినీ కలిపి ఉల్లంకులు అనేస్తారు, వాళ్ళ తప్పు కూడా కాదు. మార్చి సగం దాటాక చూడండి వాటిని. కర్లూ శాండ్‌పైపర్ మెడ నుంచి పొట్ట దాకా ఇటుక రంగు ఎక్కుతూ ఉంటుంది, సగం ఎక్కి సగం ఎక్కకుండా మచ్చలు మచ్చలుగా ఉన్నవి కూడా ఆ గుంపులోనే ఉంటాయి. శాండ్ ప్లోవర్లకి ఛాతీ మీద కాషాయం పట్టీ వస్తుంది. గ్రే ప్లోవర్‌కి మొహం, గొంతు, పొట్ట నల్లగా మారిపోతాయి, పైన వెండి చుక్కలు, చలికాలంలో చూసిన పిట్టేనా ఇది అనిపిస్తుంది. రడ్డీ టర్న్‌స్టోన్ అయితే పెళ్ళికొడుకే. పైగా మనకంటే దక్షిణాన చలికాలం గడిపినవి కూడా పైకి వెళ్తూ దారిలో దిగుతాయి. అంటే మీరు ఎంచుకున్న సమయం చాలా మంచిదండి, ఎవరో మీతో ఆలస్యమైందని అన్నారన్నారు కదా, ఆ మాట పట్టించుకోవద్దు.

కానీ ఈ సీజన్‌లో ఇంకో సంగతి ఉంది, ఇది మీ గ్రూపులో అందరికీ ట్రైన్‌లోనే చెప్పేయండి. ఈ పిట్టలు ఇప్పుడు ఊరికే తిరగట్లేదు, ప్రయాణానికి సిద్ధమవుతున్నాయి. కర్లూ శాండ్‌పైపర్ గుడ్లు పెట్టేది సైబీరియా ఉత్తరపు కొసన, మంచు కరిగే టండ్రాలో. గ్రేట్ నాట్ వెళ్ళేది ఈశాన్య సైబీరియా కొండలకి, దాన్ని ప్రపంచవ్యాప్తంగా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతిగా లెక్కిస్తున్నారు. మనకి ఎక్కువగా కనపడే లెస్సర్ శాండ్ ప్లోవర్‌ని ఈమధ్యే రెండు జాతులుగా విడగొట్టారు, మన తీరానికొచ్చేవి చాలావరకు టిబెటన్ శాండ్ ప్లోవర్లే, అవి హిమాలయాలు దాటి వెళ్ళాలి. చేపల రేవు దగ్గర గోలచేసే బ్రౌన్ హెడెడ్ గల్ కూడా లద్దాఖ్, టిబెట్ సరస్సుల దగ్గర పిల్లల్ని చేసేదే. ఇంత దూరం వెళ్ళడానికి వాటికి ఉన్న ఇంధనం కొవ్వు ఒక్కటే, ఆ కొవ్వు వచ్చేది మన బురదలో ఉన్న పురుగులు, చిన్న గుల్లలు, పీతపిల్లల నుంచి. బార్ టెయిల్డ్ గాడ్‌విట్ అనే పిట్ట బయల్దేరేటప్పటికి ఒంట్లో సగం దాకా కొవ్వే ఉండొచ్చు, 2007లో ఈ7 అని పేరు పెట్టిన ఒక ఆడ గాడ్‌విట్‌కి శాటిలైట్ ట్యాగ్ కట్టి చూస్తే అలాస్కా నుంచి న్యూజీలాండ్‌కి దాదాపు 11,700 కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా ఎనిమిది రోజుల్లో వెళ్ళింది, 2022లో ఇంకో పిల్ల గాడ్‌విట్ 11 రోజుల్లో టాస్మేనియా దాకా 13,560 కిలోమీటర్లు వెళ్ళింది. అవి వేరే దారి పిట్టలు, మన దారిని సెంట్రల్ ఆసియన్ ఫ్లైవే అంటారు, కానీ జాతి అదే, ఒళ్ళు పనిచేసే పద్ధతీ అదే. ఇప్పుడు ఆలోచించండి, ఫోటో కోసం మనం పది అడుగులు ముందుకేస్తే ఐదువందల పిట్టలు లేచి రెండు రౌండ్లు కొట్టి వేరేచోట దిగుతాయి, అలా పొద్దున్నించి సాయంత్రం దాకా మనమూ, కుక్కలూ, బైకులూ కలిసి పదిసార్లు లేపితే అవి తిన్నది ఎక్కడ మిగిలింది. చలికాలంలో కూడా లేపకూడదు, మార్చి ఏప్రిల్లో అయితే అస్సలు కూడదు.

ఇక పోటు సంగతి. సముద్రానికి రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు (నీరు వెనక్కి దిగడం), ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు వేసుకోండి, అంటే ప్రతిరోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది, శనివారం తొమ్మిదికి నిండితే ఆదివారం పదికి కాస్త ముందు నిండుతుంది. పాటు సమయంలో కాకినాడ బే (ఒడ్డులోకి వంపు తిరిగిన సముద్రం) లోపల బురద కిలోమీటర్ల కొద్దీ బయటపడుతుంది, పిట్టలు ఆ మొత్తం మీద చెదిరిపోయి నీటి అంచు వెంట తింటూ ఉంటాయి. మీరు ఒడ్డున నిలబడితే అవి ఎక్కడో చుక్కల్లా కనిపిస్తాయి, తొమ్మిది దాటాక వేడికి గాలి అలలు అలలుగా ఆడుతుంది, స్కోప్‌లో (పక్షులు చూసే టెలిస్కోప్) చూసినా మరుగుతున్న నీళ్ళలో చూసినట్టే. పోటు ఎక్కేకొద్దీ నీళ్ళు వాటిని వెనక్కి నెడతాయి, మేత దొరికే నేల తగ్గుతుంది, చివరికి ఎత్తుగా మిగిలిన ఇసుకమేట మీదకి అన్నీ గుంపుగా చేరి ఒంటికాలి మీద నిలబడి ముక్కు వీపులో దూర్చి విశ్రాంతి తీసుకుంటాయి. మనం పిట్టల దగ్గరకి వెళ్ళక్కర్లేదు, సరైన చోట ముందే వెళ్ళి కూచుంటే సముద్రమే వాటిని మన దగ్గరకి తీసుకొస్తుంది. నేను ఎవరికైనా నేర్పేది ఇదొక్కటే, మిగతావన్నీ పుస్తకం చూసి ఎవరైనా నేర్చుకోవచ్చు.

నాకిది తెలీక ఒక గ్రూపుని ఎండలో మాడ్చాను. చాలా ఏళ్ళ కిందట, 18 మంది, కొంతమంది రాత్రంతా బస్సులో వచ్చారు. శ్రీరామనవమి సెలవు కలిసొచ్చిందని ఆ రోజు పెట్టాం. పొద్దున ఆరుకల్లా ఒడ్డు మీదున్నాం, నీళ్ళు ఎక్కడో దూరంగా ఉన్నాయి, సరే పోటు వస్తుంది కదా అని కూచున్నాం. వచ్చింది, కానీ సగం బురద కూడా మునగలేదు, పిట్టలకి వెనక్కి జరగాల్సిన అవసరమే రాలేదు. పదిన్నరకి ఒకాయన ఓపిక పట్టలేక కెమెరా పట్టుకుని బురదలోకి నడిచాడు, మోకాలి లోతు దిగబడ్డాడు, గుల్ల కోసుకుని పాదం రక్తం, గుంపు మొత్తం లేచి హోప్ ఐలాండ్ అనే ఇసుక దీవి వైపు వెళ్ళిపోయింది. ఆయన్ని ఏమీ అనలేదు నేను, తేదీ ఎంచింది నేనే. పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకరు అప్పుడు చెప్పారు, "నవమి నాడు నీరెక్కడుంటది బాబూ, అమాసకో పున్నానికో రావాలి గానీ" అని.

ఆ మాట నేను ఈ రోజుకీ మర్చిపోలేదు. సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకొచ్చే అమావాస్యకీ పౌర్ణమికీ పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది, అది కూడా సరిగ్గా ఆ రోజు కంటే ఒకటి రెండు రోజుల తర్వాత ఎక్కువ. అష్టమి నవమి అటూఇటూ అయితే సూర్యుడూ చంద్రుడూ అడ్డంగా లాగుతారు కాబట్టి ఎక్కడమూ తక్కువే దిగడమూ తక్కువే. ఇప్పుడు మన పంచాంగం చూడండి ఎంత బాగా కుదిరిందో. ఉగాది అంటే ఫాల్గుణ అమావాస్య వెళ్ళిన మర్నాడు, చైత్ర శుద్ధ పాడ్యమి, పెద్ద పోటు రోజులు. శ్రీరామనవమి సరిగ్గా చిన్న పోటు రోజు. మళ్ళీ చైత్ర పౌర్ణమికి పెద్ద పోటు. అందులోనూ మార్చి 20, 21 దగ్గర పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల చుట్టుపక్కల పోట్లు ఏడాదిలోకెల్లా పెద్దవాటిలో ఉంటాయి. కాబట్టి క్యాలెండర్ తీసి ఉగాదికి దగ్గరగా వచ్చే శని ఆదివారమో, లేదంటే చైత్ర పౌర్ణమికి దగ్గరగా వచ్చేదో చూసుకోండి. అదీ కుదరకపోతే దశమి నాడు రావడం కంటే ఒక వారం ఆగడం మేలు, ఏప్రిల్ రెండో వారంలో కూడా పిట్టలు ఉంటాయి, రంగులు ఇంకా బాగుంటాయి, ఎండ ఒక్కటే ఎక్కువ.

గంటల లెక్కకి సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు ప్రతి ఏడాది పోటుపాట్ల పట్టికలు వేస్తారు, మీ హైదరాబాద్‌లోనే ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ సైట్‌లో కూడా దొరుకుతాయి. మొబైల్ యాప్‌లు కూడా పర్లేదు, కాకపోతే కొన్ని టైం వేరే జోన్‌లో చూపిస్తాయి, ఒకసారి సరిచూసుకోండి. బే లోపల, కాలవల్లో నీరు కాస్త ఆలస్యంగా నిండుతుంది, గాలి గట్టిగా ఉంటే పట్టిక కూడా అటూఇటూ అవుతుంది, అందుకే ముందురోజు సాయంత్రం రేవులో ఎవర్నైనా అడిగి రూఢి చేసుకోండి, వాళ్ళు నిమిషాల్లో చెప్పకపోయినా తప్పు మాత్రం చెప్పరు. పోటు నిండే టైంకి రెండున్నర గంటల ముందు మీరు మీ చోట కూచుని ఉండాలి. నిండాక కూచోడం కాదు, నిండుతున్నప్పుడే అసలు చూడాల్సింది.

ఇంకోటి, మనది తూర్పు తీరం. పొద్దున సముద్రం వైపు చూస్తే ఎండ కళ్ళలోనే, పిట్టలన్నీ నల్ల నీడల్లా ఉంటాయి, ఇటుక రంగూ కాషాయం పట్టీ ఏదీ తెలీదు. మధ్యాహ్నం మూడు దాటాక సూర్యుడు మన వీపు వైపుకొస్తాడు, అప్పుడు తిరిగి చూస్తే పొద్దున చూసిన పిట్టలేనా ఇవి అనిపిస్తుంది. అందుకని సాయంత్రం పోటు దొరికే రోజైతే దాన్నే పెద్ద సెషన్‌గా పెట్టుకోండి, పొద్దున మడ అడవులకి వెళ్ళండి. పోటు పొద్దునే పడితే మాత్రం సూర్యుణ్ణి పక్కకి పెట్టుకునేలా ఉత్తరమో దక్షిణమో చూసే చోటు వెతుక్కోవాలి.

ఎక్కడికి అన్నారు కదా. కోరింగ అభయారణ్యం కాకినాడ నుంచి దగ్గరే, చొల్లంగి దాటాక రోడ్డు పక్కనే దిగొచ్చు, 1978లో ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్లు. చెక్క వంతెన మీద మడచెట్ల మధ్య నడుచుకుంటూ వెళ్ళొచ్చు, పెద్దవాళ్ళకీ పిల్లలకీ సుఖంగా ఉంటుంది, లకుముకి పిట్టలు, కొంగలు, నీటికాకులు, పాటులో అయితే బురదలో ఎర్ర కొండి పీతలు, నీళ్ళ బయట ఎగిరే బురదచేపలు, పిల్లలు ఆ బురదచేపల దగ్గరే గంట ఉండిపోతారు, ఉండనివ్వండి. కానీ వలస ఉల్లంకుల గుంపులకి అది చోటు కాదు, వాటికి తెరిపి నేల కావాలి, చుట్టూ చెట్లుంటే గద్ద ఎటు నుంచొస్తుందో తెలీదని భయం. వాటికోసం కుంభాభిషేకం అనే చోట ఉన్న బురదమేటలకి వెళ్ళాలి, కాకినాడ ఊరు ఆనుకునే, అక్కడ రేవు నుంచి బోటు మాట్లాడుకుని వెళ్తాం. ఇండియన్ స్కిమ్మర్ అని కింది ముక్కు పొడుగ్గా పైముక్కు పొట్టిగా ఉండే నారింజ రంగు ముక్కు పిట్ట చలికాలంలో అక్కడికి గుంపుగా వస్తుంది, ప్రపంచంలో చాలా తక్కువ మిగిలింది, మార్చికల్లా చాలావరకు నదుల ఇసుకతిన్నెల మీద గుడ్లు పెట్టడానికి వెళ్ళిపోతుంది కాబట్టి దానిమీద ఆశ పెట్టుకుని రాకండి, కనపడితే అదృష్టం.

హోప్ ఐలాండ్ అందరూ అడుగుతారు. అది గోదావరి తెచ్చిన ఇసుకతో గత రెండువందల ఏళ్ళలో ఏర్పడిన పొడవాటి దిబ్బ, పదహారు కిలోమీటర్లు పైనే ఉంటుంది, కాకినాడ బేకి అది అడ్డుగోడ, దాని చలవే లోపల ఇంత మెత్తటి బురద నిలబడింది. అక్కడికి వెళ్ళాలంటే అటవీశాఖ వాళ్ళని ముందే అడిగి వాళ్ళు చెప్పినట్టు వెళ్ళాలి. ఈ రోజుల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడం, పిల్లలు బయటికి రావడం రెండూ జరుగుతుంటాయి, రాత్రిపూట టార్చిలైట్లు, మంటలు, పాటలు వద్దు. అలాగే పోటు గీతకి పైన ఎండు ఇసుక మీద కెంటిష్ ప్లోవర్లు, చిన్న టర్న్‌లు గుడ్లు పెడతాయి, గూడంటూ ఏమీ ఉండదు, ఇసుకలో చిన్న గుంట, గుడ్డు కూడా ఇసుకరంగే. ఒక పిట్ట మీ ముందు రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పరిగెడితే పాపం దెబ్బ తగిలిందని వెంటపడకండి, గుడ్లు మీ కాళ్ళ దగ్గరే ఉన్నాయని అర్థం, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్ళండి. ఉప్పాడ వైపు బీచ్ రోడ్డు కూడా బాగుంటుంది గానీ తీరం కోసుకుపోయి బండరాళ్ళు వేశారు, ఆ రాళ్ళ మీద టర్న్‌స్టోన్లు, కామన్ శాండ్‌పైపర్ లాంటివి ఉంటాయి, టైం మిగిలితే ఒక గంట వెళ్ళిరండి.

బోటు గురించి కొంచెం జాగ్రత్తగా చదవండి. 14 మందికి ఒకటే బోటు వద్దు, రెండు మాట్లాడండి, లైఫ్ జాకెట్లు లెక్కపెట్టి ఎక్కండి, పిల్లల సైజువి ఉన్నాయో లేదో ముందురోజే చూడండి. సరంగుకి, అంటే బోటు నడిపేవాడికి, ఎక్కేముందే చెప్పాలి, పిట్టల గుంపు కనపడగానే దాని మీదకి పోనివ్వొద్దు, దూరంగానే ఇంజన్ ఆపేసి గెడ వేసుకుని నిలబడదాం అని. వాళ్ళు పాపం టూరిస్టులు సంతోషిస్తారని దగ్గరకి తీసుకెళ్ళి లేపి చూపిస్తారు, అలవాటు అలా అయిపోయింది, మీరు వద్దంటే ఆశ్చర్యపడతారు, తర్వాత వాళ్ళే ఎక్కువ జాగ్రత్త పడతారు, నాతో వచ్చే సరంగు ఇప్పుడు నాకంటే ముందే చెయ్యెత్తి అందర్నీ ఊరుకోమంటాడు. పోటు నిండి తిరిగాక ఎక్కువసేపు ఉండొద్దు. నీరు దిగడం మొదలైతే ఆ మేటల మధ్య చాలా త్వరగా దిగిపోతుంది, ఒకసారి ఇంకో పావుగంట ఇంకో పావుగంట అని నేనే ఆపేశాను, బోటు అడుగు బురదకి పట్టేసింది, మళ్ళీ నీరొచ్చేదాకా ఐదారు గంటలు ఎండలో, తాగడానికి మనిషికి అరలీటరు నీళ్ళు. ఎవరికీ ఏం కాలేదు, కానీ అరవై దాటినవాళ్ళు ఉన్న గ్రూపుకి అది ఆటలు కాదు. అన్నట్టు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం ఉంటుంది, ఏప్రిల్ 15 లోపే వచ్చేలా చూసుకుంటే రేవులో సందడీ ఉంటుంది, చేపల కోసం మూగే గల్స్, టర్న్‌లూ ఉంటాయి.

గ్రూపు అన్నాక గోల ఉంటుంది, దాన్ని ముందే సర్దుకోవాలి. ఏడుగురు ఏడుగురు రెండు జట్లు చెయ్యండి, ప్రతి జట్టులో ఒకరి మాటే చెల్లాలి. ఒడ్డున నడిచేటప్పుడు పక్కపక్కన వరసకట్టి నడవొద్దు, ఒకరి వెనక ఒకరు, నేరుగా పిట్టల వైపు కాకుండా ఏటవాలుగా. తెల్లచొక్కాలు, మెరిసే రంగులు వద్దు, ఇసుకరంగో మట్టిరంగో వేసుకోండి. తింటున్న పిట్ట తల పైకెత్తిందంటే మీరు ఎక్కువ దగ్గరకొచ్చారని, ఒకటి కాదు నాలుగైదు తలలెత్తి ఒకే వైపు నడవడం మొదలెడితే ఇంకో అడుగు వేస్తే లేస్తాయని, అక్కడే కూచోండి, నిజంగా నేల మీద కూచోండి, నిలబడ్డ మనిషిని చూసి భయపడేవి కూచున్న మనిషిని పది నిమిషాల్లో మర్చిపోతాయి. మొబైల్లో కూతలు వినిపించడం, డ్రోన్ ఎగరెయ్యడం రెండూ వద్దు. పిల్లలకి ఏదో ఒక పని అప్పజెప్పండి, లేకపోతే విసుగు. నేనైతే పిల్లలతో పదేసి లెక్క పెట్టిస్తాను, పది పిట్టలు ఎంత జాగా తీసుకున్నాయో చూసుకుని అలాంటి ముక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కెయ్యడం, పెద్దవాళ్ళకంటే వాళ్ళే దగ్గరగా చెప్తారు.

ఏది ఏ పిట్టో తెలియడానికి మొదటి రోజే అన్ని పేర్లూ పట్టుకోవద్దు, ముందు నడక చూడండి. ప్లోవర్లు కళ్ళతో వెతికే పిట్టలు, గబగబా నాలుగడుగులు పరిగెత్తి ఠక్కున ఆగి ఒక పోటు పొడుస్తాయి, మళ్ళీ పరుగు. శాండ్‌పైపర్లు ముక్కుతో వెతికేవి, తల దించి కుట్టు మిషన్ లాగా పొడుచుకుంటూ పోతూనే ఉంటాయి. ఇది తెలిస్తే గుంపులో సగం పని అయిపోయింది. తర్వాత ముక్కు. కర్లూ శాండ్‌పైపర్‌ది కిందకి వంగి ఉంటుంది, టెరెక్ శాండ్‌పైపర్‌ది పైకి వంగి ఉంటుంది, అది పీతల వెనక పిచ్చిపట్టినట్టు పరిగెడుతుంది కాబట్టి ముక్కు కనపడకపోయినా తెలిసిపోతుంది. యురేషియన్ కర్లూ ముక్కు కొడవలంత, వింబ్రెల్‌ది దానికంటే పొట్టి, నెత్తిమీద చారలుంటాయి, ఎగిరేటప్పుడు గబగబా ఏడెనిమిది ఈలలు ఒకే స్థాయిలో వేస్తుంది. గాడ్‌విట్లలో రెక్క మీద తెల్లటి పట్టీ స్పష్టంగా ఉంటే బ్లాక్ టెయిల్డ్, పట్టీ లేకుండా ముక్కు కొంచెం పైకి ఉంటే బార్ టెయిల్డ్. గ్రే ప్లోవర్ రెక్క ఎత్తితే చంకలో నల్లమచ్చ, చలికాలమైనా ఎండాకాలమైనా అదే గుర్తు. గ్రేట్ నాట్‌కి ఈ రోజుల్లో ఛాతీ మీద నల్లచుక్కలు దట్టంగా వస్తాయి, పక్కనున్న చిన్నవాటికంటే బొద్దుగా ఉంటుంది, అది కనపడితే మాత్రం కేకలెయ్యకుండా ఉండండి, నాకే కష్టం.

కాళ్ళకి రంగు ప్లాస్టిక్ ముక్క కట్టి ఉన్న పిట్ట కనపడితే ఫోటో తీసి పెట్టండి, ఏ కాలు, మోకీలుకి పైనా కిందా, ఏ రంగు మీద ఏ రంగు, మీద అక్షరాలేమైనా ఉన్నాయా అన్నీ రాసుకోండి. ఏ దేశంలో ఎవరు కట్టారో ఆ రంగుల వరస బట్టి తెలుస్తుంది, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళకి పంపితే చెప్తారు. మీ లెక్కలన్నీ పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ సైట్‌లో ఎక్కించండి. జనవరి లెక్కలు 1987లో మొదలై ఇప్పుడు ఆసియాలో చాలాచోట్ల జరుగుతున్నాయి, మార్చి ఏప్రిల్లో లెక్కపెట్టేవాళ్ళే తక్కువ, మీ రెండు రోజుల లిస్టు ఏ లెన్స్‌తో తీసిన ఫోటో కంటే ఎక్కువ పనికొస్తుంది.

లెన్స్ అంటే గుర్తొచ్చింది. ఉన్నది తెచ్చుకోండి, కొత్తది కొనొద్దు. ఆ డబ్బుతో గ్రూపుకి కలిపి ఒక స్పాటింగ్ స్కోప్, గట్టి ట్రైపాడ్ అద్దెకో అరువుకో తెచ్చుకోండి, 20 నుంచి 60 రెట్లది అయితే చాలు, గాలికి ఊగే ట్రైపాడ్ అయితే స్కోప్ ఉన్నా లేనట్టే. బైనాక్యులర్ 8 బై 42 అందరికీ సరిపోతుంది, పెద్దవాళ్ళకి బరువైనవి ఇవ్వకండి చేతులు వణికి ఏమీ కనపడదు. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, ఓఆర్ఎస్ పొట్లాలు, సీసాల్లో పల్చటి మజ్జిగ, అంచున్న టోపీ, కాటన్ ఫుల్ హ్యాండ్స్, పాదానికి పట్టుండే పాత బూట్లు, చెప్పులు బురదలోనే ఉండిపోతాయి. కాకినాడ ఎండ హైదరాబాద్ ఎండలా ఉండదు, అంకె తక్కువే చూపిస్తుంది కానీ ఉక్కపోతకి మనిషి కరిగిపోతాడు, పదకొండు నుంచి మూడింటి దాకా అందరూ రూంలో ఫ్యాన్ కింద ఉండాలి, ఇది అరవై దాటిన ముగ్గురి కోసం మాత్రమే కాదు.

ఇక సాయంత్రం పోటు దొరికితే చివరిదాకా ఉండమని ఎందుకన్నానో చెప్పి ఆపేస్తాను. ఒక ఉగాది తర్వాత రెండోరోజు, తొమ్మిది మందిమి, బోటు కాదు ఒడ్డునే కూచున్నాం. నాలుగింటి నుంచి నీరెక్కుతోంది, మాకు ముప్పై గజాల్లో కర్లూ శాండ్‌పైపర్లు, ప్లోవర్లు, చివరికి చోటు చాలక ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. రిటైరైన టీచరమ్మ ఒకావిడ స్కోప్ దగ్గర్నించి లేవనే లేదు, మిగతావాళ్ళం కూడా అడగలేదు. పొద్దు వాలుతుండగా గుంపులో ఒక వైపు నుంచి సన్నగా కూత మొదలైంది, మామూలుగా నిద్రపోయే టైంలో అవి అలా కూయవు, తల ఎత్తి రెక్కలు దులుపుకుంటూ ముందుకీ వెనక్కీ నడుస్తున్నాయి. ఒక నలభై దాకా లేచాయి, ఎవరూ లేపలేదు, గద్ద కూడా లేదు. మామూలుగా లేస్తే నీళ్ళ మీద తక్కువ ఎత్తులో తిరిగి దిగుతాయి, ఇవి దిగలేదు, కూసుకుంటూ చుట్లు తిరుగుతూ పైకి పైకి వెళ్ళాయి, గుంపు సాగి ఏటవాలు గీత అయింది, ఉత్తరం వైపు తిరిగింది. స్కోప్‌లో కూడా కనపడనంత దాకా చూశాం. టీచరమ్మ అప్పుడు తల ఎత్తి "ఇక దిగవా అండీ" అనడిగారు, ఇక్కడ దిగవమ్మా అన్నాను. మిగిలిన గుంపు నీటి అంచున అలాగే నిలబడి ఉంది, చీకటి పడ్డాక కూడా వాటి కూతలు వినపడుతూనే ఉన్నాయి.

తేదీ ఖాయం చేసుకున్నాక పోటు టైం ఇక్కడ రాయండి, ఎక్కడ కూచోవాలో అప్పుడు చెప్తాను.